అల్లుడుగారి గంట

జ్ఞానప్రకాశం గారు అచ్చయిన కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుంటారు. పకోడీలు కట్టిన పొట్లమైనా సరే, తినడం అయ్యాక మడత విప్పి, నూనె మరకల మధ్య ఏముందో చదివి, జాగ్రత్తగా మడిచి పక్కన పెడతారు. ఆయన తండ్రి మలికిపురం దగ్గర కొబ్బరితోటల్లో కూలికి వెళ్ళిన మనిషి. అక్షరం రాదు. ఇంట్లో ఉన్న అచ్చు కాగితాలు రెండే: ఒకటి బైబిలు, రెండోది ప్రభుత్వం ఇచ్చిన ఇంటిస్థలం పట్టా. ఆ రెండూ తనను మోసం చెయ్యలేదు కాబట్టి అచ్చులో ఉన్నది అబద్ధం కాదని ఆ పెద్దాయన నమ్మకం. కొడుకు విశాఖపట్నంలో సైకాలజీ ఎమ్మే చదివి, అమలాపురంలో మా బీఈడీ కాలేజీలో లెక్చరరుగా చేరాక కూడా ఆ నమ్మకాన్ని వదల్లేదు. ఈ కథంతా ఆ నమ్మకం తెచ్చిన తంటాయే.

నేను అదే కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి. క్వార్టర్సులో మా రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. అందుచేత ఆయన పరిశోధన ఎలా పుట్టిందో, ఎలా పెరిగిందో, చివరికి కన్నవాణ్ణే ఎలా బయటికి గెంటిందో గోడ ఇవతల నుంచి అంతా చూశాను.

ఆయనకు మనిషి జ్ఞాపకం మీద మోజు. క్లాసులో పాఠం మధ్యలో ఆపి, నిన్న తాను ఏ రంగు చొక్కా వేసుకొచ్చానని పిల్లల్ని అడిగేవారు. తలా ఒక రంగు చెబితే మురిసిపోయేవారు. ఆ మురిపెంతో ప్రమోషను రాదు కదా. పరిశోధన పత్రాలు అచ్చువేయించాలి, వాటిని నలుగురూ తమ పత్రాల్లో ఉదహరించాలి. అప్పటిదాకా ఆయన పేరు అచ్చులో పడింది పెళ్ళి శుభలేఖ మీదా, ఓటర్ల జాబితాలోనూ. ఓటర్ల జాబితాలో ఆయన్ని స్త్రీ అని వేశారు. దాన్ని దిద్దించడానికి ఆయన తాసిల్దారు ఆఫీసు చుట్టూ ఏడాది తిరిగారు. ఎవరు చదువుతారండీ, వదిలెయ్యండని నేనంటే, అచ్చులో తప్పుంటే నిద్ర ఎలా పడుతుందని ఆశ్చర్యపోయారు.

తొంభై ఆరు నవంబరులో తుపాను వచ్చింది. దాని గురించి ఇక్కడివాళ్ళకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఆ దెబ్బ నుంచి జనం కొంచెం తేరుకున్నాక మా సైకాలజీ మాస్టారికి ఒక ఆలోచన తట్టింది. తుపాను రాత్రి ఏం జరిగిందో మనుషుల్ని అడగాలి. నిజంగా జరిగిన వాటి మధ్య జరగనిది ఒకటి కలిపి అడగాలి. ఎంతమంది ఆ జరగనిదాన్ని కూడా గుర్తుందంటారో చూడాలి. ఆలోచన మంచిదే. పరీక్షించడానికి ఎంచుకున్న ఊరి దగ్గరే పండితుడు పప్పులో కాలేశాడు. ఆయన ఎంచుకున్నది అత్తవారి ఊరు.

రాజోలు నుంచి అంతర్వేది వెళ్ళే బస్సు ఆ ఊరి చర్చి ముందే ఆగుతుంది. మధ్యాహ్నం భోజనానికి వెతుక్కోనక్కర్లేదు. అందరూ తెలిసినవాళ్ళే, దాపరికం ఉండదని ఆయన లెక్క. పైగా అక్కడ ఒక సౌకర్యం కుదిరింది. తుపానుకు ముందే ఆ ఊరి చర్చి గంట బీటవారితే కిందికి దింపి, మళ్ళీ పోత పోయించడానికి రాజమండ్రి పంపారు. దాన్ని వ్యానులోకి ఎక్కించేటప్పుడు ఓ చెయ్యి వేసింది ఈయనే. గంట తిరిగొచ్చింది మరుసటి ఈస్టరుకి. అంటే తుపాను రాత్రి గోపురంలో గంట లేదు. అందుకని ఆయన తన ప్రశ్నల మధ్య ఒకటి ఇలా ఇరికించారు: ఆ రాత్రి గాలికి చర్చి గంట దానంతటదే మోగిందట, మీరు విన్నారా?

కోనసీమలో అల్లుడంటే ఏమిటో తెలియనివాళ్ళకు కొంచెం చెప్పాలి. ఒక ఇంటికి అల్లుడైతే ఊరంతటికీ అల్లుడే. కులం వేరైనా, దేవుడు వేరైనా ఆ వరస మారదు. పులుసులో ఉప్పెక్కువైందని అల్లుడంటే ఎక్కువైనట్టే. చాలలేదంటే చాలనట్టే. అలాంటి ఊళ్ళోకి ఈయన అట్టా, పెన్నూ పట్టుకుని బయలుదేరారు. గడప గడపకూ కుర్చీ తుడిచి వేశారు. బొండం కొట్టారు. గంట మోగిందటగా అని అల్లుడుగారు అడిగితే, మోగిందండి, విన్నామండి అన్నారు. ఊరికే వినడంతో సరిపెడితే మర్యాదగా ఉండదనుకున్నారో ఏమో, ఒకాయన గంట వినగానే మోకాళ్ళ మీద పడ్డానన్నాడు. ఒకావిడ ఆ చప్పుడుకే పిల్లలు లేచి ఏడ్చారంది. బుల్లిరాజు అని, అక్కడి కొబ్బరి వ్యాపారి ఒకడు, తాను హిందువునైనా ఆ గంట విని దణ్ణం పెట్టుకున్నానన్నాడు.

తిరిగొచ్చిన రోజు జ్ఞానప్రకాశం గారి కాళ్ళు నేలమీద లేవు. గోడ మీద చెయ్యేసి నన్ను పిలిచారు.

"తాతాజీ గారూ, మనిషి జ్ఞాపకం మట్టిముద్దండి. ఎలా పిసికితే అలా వస్తాదండి. పదిమందిలో తొమ్మిదిమంది లేని గంట విన్నామన్నారండి."

ఆ పత్రాన్ని బెంగుళూరు నుంచి వచ్చే ఒక చిన్న పత్రిక వేసుకుంది. ఊరివాళ్ళను ఎలా ఎంచారన్న చోట, ఏ సంబంధమూ చూడకుండా ఎంచినట్టు ఆయన రాశారు. అందులో అబద్ధం చెబుతున్నానని ఆయనకు తోచనేలేదు. తీసుకెళ్ళి తండ్రికి చూపించారు. మంచాన పడిన ఆ పెద్దాయనకు అది ఇంగ్లీషో తెలుగో కూడా తెలియదు. కొడుకు పేరున్న చోట వేలుపెట్టి చూపిస్తే, పేజీ తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. ఆ మరుసటి ఏడే పోయాడు.

తర్వాత రొట్టె విరిగి నేతిలో పడింది. హాలండులో హెండ్రిక్స్ అని ఒక ప్రొఫెసరు, కోర్టు సాక్షుల జ్ఞాపకాల మీద పెద్ద పుస్తకం రాస్తూ ఎక్కడో ఈ పత్రం చూశాడు. ఒక అధ్యాయం మొదట్లోనే కోనసీమ గంట గురించి రాశాడు. ఆయన్ని చూసి ఇంకొకరు, ఆ ఇంకొకర్ని చూసి మరొకరు రాశారు. అసలు పత్రం వాళ్ళలో ఎంతమంది చదివారో తెలియదు. మా దగ్గర పుకారు కూడా ఇలాగే నడుస్తుంది, కాకపోతే దాని చివర పుస్తకాల పట్టిక ఉండదు.

అమలాపురంలో నెట్ సెంటర్లు వచ్చాక జ్ఞానప్రకాశం గారికి శనివారం సాయంత్రాలు కొత్త పని దొరికింది. గడియార స్తంభం దగ్గర ఒక సెంటర్లో, ఒకవైపు సినిమా పాటలు ఎక్కించుకునే కుర్రాళ్ళు, ఇంకోవైపు గల్ఫులో ఉన్న మొగుళ్ళతో మాట్లాడే ఆడవాళ్ళు, మధ్యలో ఈయన. తన పేరు కొట్టి, పత్రాన్ని ఎంతమంది ఉదహరించారో చూసుకునేవారు. వారం వారం అంకె పెరిగేది. యాభై, నూరు, మూడు వందలు. షేర్లు కొన్నవాడి మొహం కూడా అంతగా వెలగదు. కాలేజీవాళ్ళు ఆయన్ని ప్రిన్సిపాల్ చేశారు. గేటు మీద 'ప్రపంచ ప్రఖ్యాత మనస్తత్వవేత్త' అని ఫ్లెక్సీ కట్టారు. ప్రపంచం సంగతేమో గానీ మా కాలేజీ ఫీజు మాత్రం ఆ ఏడాది పెరిగింది.

రెండువేల అయిదులో సన్మానం చేశారు. ఆ రాత్రి వాళ్ళింట్లో నలుగురైదుగురం భోజనాలకు కూర్చున్నాం. శాలువా ఇంకా భుజం మీదే ఉంది. మాటల్లో మాటగా ఆయన బుల్లిరాజు ముచ్చట చెప్పి, హిందువు కూడా చర్చి గంట విన్నాడంటే జ్ఞాపకం ఎంత మాయదో చూడండన్నారు. ఆయన భార్య సుందరమ్మగారు నాకు పెరుగు వడ్డిస్తున్నారు. చేతిలో గరిటె ఆగింది.

"బుల్లిరాజా అండి? తుపానప్పుడు కువైట్లో ఉన్నాడు కదండీ. ఆ మరుసటేడు వచ్చేడు."

జ్ఞానప్రకాశం గారి చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. కువైట్లో ఉన్నవాడు గంట విన్నానని ఎందుకన్నాడని అడిగారు.

"మీరు అడిగేరు కాబట్టండి," అన్నారావిడ, ఇందులో అడగడానికేముందన్నట్టు. "మా ఊళ్ళో మిమ్మల్ని కాదంటారేంటండీ? గంట మోగిందా అని అల్లుడుగారు అంత ఇదిగా అడుగుతుంటే, లేదండి అంటే మీరు చిన్నబుచ్చుకోరూ? గంట రాజమండ్రిలో ఉందని అందరికీ తెలుసు. మర్యాదకి అన్నారండి."

ఈ మాటలు నేను నా రెండు చెవులా విన్నాను. దీన్ని మాత్రం చదివేవాళ్ళు గుర్తుంచుకోవాలి.

తెల్లారి మొదటి బస్సుకే ఆయన అత్తారింటికి వెళ్ళారు. ఈసారి ప్రశ్న తిప్పి అడిగారు: తుపాను రాత్రి గంట మోగలేదు కదా? అదే ఊరు, అదే కుర్చీలు, అదే బొండాలు. మోగలేదండి, ఎలా మోగుతుందండి, గోపురంలో లేదు కదండీ అన్నారు. మోకాళ్ళ మీద పడినాయన కూడా అదే అన్నాడు. అందరి జ్ఞాపకాలూ అద్దంలా ఉన్నాయి. మట్టిముద్ద అయింది పరిశోధన ఒక్కటే.

ఇదీ మర్యాదకే అన్నారేమో, ఎలా నమ్ముతారని నేను ఎగతాళి చేశాను. నాకు నోటిదురద ఎక్కువ. ఆయన నవ్వలేదు.

"మా నాన్న దాన్ని కళ్ళకద్దుకున్నాడండి," అన్నారు.

అప్పటినుంచి ఆయనకు బతుకులో కావలసింది ఒక్కటైంది. తాను అచ్చువేయించిన అబద్ధాన్ని, తాను పోయేలోగా, తానే అచ్చులో దిద్దాలి. కాలేజీ సెక్రటరీ పిలిచి, ఫ్లెక్సీ కట్టి ఏడాది కాలేదు, ఇప్పుడెందుకు కెలుక్కోవడమన్నాడు. నేనూ అదే అన్నాను. వినలేదు. తన పరిశోధన తప్పని, అత్తవారి ఊళ్ళో చేశానని, అక్కడివాళ్ళు మరచిపోయి కాదు, మర్యాద కోసం అలా చెప్పారని రెండు పేజీల సవరణ రాసి ఆ బెంగుళూరు పత్రికకే పంపారు. వాళ్ళు వేశారు, ఆఖరి పేజీల్లో, చందాదారులకు విజ్ఞప్తి పక్కన.

మళ్ళీ శనివారాలు మొదలయ్యాయి. ఇప్పుడు రెండు అంకెలు చూసుకోవాలి. పాత పత్రం నాలుగు వందలు దాటి పరుగెడుతోంది. సవరణకు సున్నా. లెక్కల మాస్టారుగా సున్నా అంటే నాకు గౌరవమే గానీ, నెలల తరబడి ఒక మనిషి దాని ఎదురుగా కూర్చోవడం చూడలేకపోయాను. అబద్ధం చెబితే నాలుగు వందలమంది ఆయన్ని ఉదహరించారు. నిజం చెబితే ఒక్కడూ ఇటు తిరిగి చూడలేదు.

ఇలా లాభం లేదని ఆయన నేరుగా హెండ్రిక్స్‌కు రాశారు. హెండ్రిక్స్ మర్యాదస్తుడే. విషయం చాలా ఆసక్తిగా ఉంది, నేనే వచ్చి ఆ ఊరివాళ్ళతో మాట్లాడతానని జవాబిచ్చాడు. జ్ఞానప్రకాశం గారికి ప్రాణం లేచొచ్చింది. పెద్ద ప్రొఫెసరు స్వయంగా విని రాస్తే లోకమంతా నమ్ముతుంది కదా.

దొర రావడానికి వారం ముందు నన్ను వెంటబెట్టుకుని ఆ ఊరు వెళ్ళారు. చర్చి వరండాలో అందర్నీ కూర్చోబెట్టి, చేతులు జోడించి, ఆ వచ్చే ఆయనకు ఉన్నది ఉన్నట్టు చెప్పండి, గంట మోగలేదని చెప్పండని బతిమాలారు. సంఘపెద్ద ఇమ్మానుయేలు గారు సుందరమ్మగారికి చిన్నాన్న. అందరి తరఫునా ఆయన లేచి నిలబడ్డారు.

"ఆయ్, అలాగేనండి. మీరెలా చెప్తే అలాగేనండి."

ఆ 'అలాగే' నాకు నచ్చలేదు.

రెండువేల ఎనిమిది జనవరిలో హెండ్రిక్స్ వచ్చాడు. పొడుగ్గా, నెమ్మదిగా, నేలమీద పీట వేస్తే కాళ్ళెక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషి. పరిశోధన చేసినాయన ఎదురుగా ఉంటే మొహమాటపడతారని జ్ఞానప్రకాశం గారిని బయట కూర్చోమన్నాడు. అంతవరకూ తెలివైన పనే. దుబాసీగా మాత్రం మా కాలేజీ ఇంగ్లీషు లెక్చరరు మాణిక్యాలరావును పెట్టుకున్నాడు. ప్రిన్సిపాల్ గారి కింద పనిచేసే మనిషి.

ఇమ్మానుయేలు గారు తెల్లచొక్కా వేసుకొచ్చి కూర్చుని, గంట మోగిందండి, విన్నానండి అన్నారు. గంట అప్పుడు రాజమండ్రిలో ఉందట కదా అని దొర అడిగించాడు.

"ఉందండి. రాజమండ్రిలో ఉన్నా మాకు వినబడిందండి. దేవుడి గంటకి దూరమేంటండీ?"

మోగలేదని మూడేళ్ళ కిందట మీరే చెప్పారట కదా అంటే, మేమెప్పుడన్నామండి, అల్లుడుగారు పెద్దవారయ్యేరు, పని ఒత్తిడిలో ఏదో అనుకుని ఉంటారన్నారు. తర్వాత వచ్చినవాళ్ళంతా అదే పాట. బుల్లిరాజు అయితే, కువైట్లో కూడా ఆ రాత్రి తన చెవిలో గంట మోగిందన్నాడు. హెండ్రిక్స్ కలం ఆగకుండా రాసుకుంటోంది.

కిటికీ అవతల నుంచి అంతా విన్న జ్ఞానప్రకాశం గారు ఉండబట్టలేక లోపలికి వచ్చారు. నిజం చెప్పమన్నాను కదండీ మావయ్యగారూ అన్నారు. ఇమ్మానుయేలు గారు లేచి అల్లుడి చెయ్యి పట్టుకున్నారు.

"మీరు పెద్దమనసుతో తప్పు మీద వేసుకుంటారండి. మేమెలా ఊరుకుంటామండీ? మా ఊరి అల్లుడు రాసింది తప్పని పైదేశం దొర ముందు మా నోటితో అంటే, ఇంక ఈ ఊరు మీకు ఏ మొహంతో అన్నం పెడతాదండి?"

ఆయన ఏమన్నారని దొర దుబాసీని అడిగాడు. ప్రిన్సిపాల్ గారి వినయాన్ని పెద్దాయన మెచ్చుకుంటున్నారని మాణిక్యాలరావు చెప్పాడు. నాకు ఒళ్ళు మండింది. లేచి, నాకొచ్చిన ఇంగ్లీషులో, వీళ్ళంతా మర్యాదకు అబద్ధమాడుతున్నారని గట్టిగా చెప్పాను. హెండ్రిక్స్ చిరునవ్వు నవ్వి, మీరు ఈయనకు ఎన్నేళ్ళుగా స్నేహితులని అడిగాడు. ఇరవై ఏళ్ళన్నాను. అది కూడా రాసుకున్నాడు. మధ్యాహ్నం ఊరంతా కలిసి దొరకు కోడికూర, గారెలు పెట్టింది. అల్లుడు ఒక్కడే తినలేదు. అలిగారనుకుని ఆయనకు కొత్త బట్టలు పెట్టి పంపారు.

మరుసటేడు ఒక శనివారం నెట్ సెంటరు నుంచి నాకు ఫోను చేశారు. సవరణ పత్రం ఎదురుగా సున్నా పోయి ఒకటి వచ్చిందట. గొంతు చిన్నపిల్లాడిలా ఉంది. నేను వెళ్ళేసరికి కాగితాలు ప్రింటు తీయించి, రెండు చేతులతో పట్టుకుని నిలబడే చదువుతున్నారు. అది హెండ్రిక్స్ కొత్త పత్రం. లేని జ్ఞాపకం పన్నెండేళ్ళయినా చెక్కుచెదరలేదని, లేని గంటను కువైట్లో ఉన్నవాడు కూడా విన్నానన్నాడని, పరిశోధకుడే వచ్చి కాదన్నా ఊరు ఒప్పుకోలేదని రాశాడు. సవరణను ఉదహరించింది చివర్లో. జ్ఞాపకాల మీద జీవితమంతా పనిచేసినవాడు కూడా వాటికి అతీతుడు కాడట. మోగలేదని ఊరివాళ్ళు తనతో చెప్పినట్టు ఆయనకున్న జ్ఞాపకాన్ని ఊళ్ళో ఒక్కరు కూడా బలపరచలేదట. ఆ జ్ఞాపకం చిరకాల మిత్రుడికి కూడా అంటుకుందట. ఆ మిత్రుణ్ణి నేనే.

ఇంటికి వచ్చాం. సుందరమ్మగారు వరండాలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. ఆయన చెప్పులైనా విడవకుండా ఆవిడ ముందు నిలబడ్డారు.

"సుందరం, సన్మానం రోజు రాత్రి అన్నాల దగ్గర నువ్వు నాతో ఒక మాటన్నావు. మీ ఊరివాళ్ళు మర్యాదకి అన్నారని. అన్నావా, లేదా?"

ఆవిడ తలెత్తి ఆయన మొహం చూశారు. ఆ ఒక్క మాట అన్నందుకు నాలుగేళ్ళుగా ఆ మనిషికి నిద్ర లేదని గోడ ఇవతల ఉన్న నాకే తెలుసు, ఆవిడకు తెలియదా? ఆరోజే ఎందుకన్నానా అని మా ఆవిడ దగ్గర ఆవిడ ఏడ్చిన సంగతి కూడా నాకు తెలుసు. ఒళ్ళోని చిక్కుడుకాయలు పక్కన పెట్టారు.

"నేనేమీ అనలేదండి," అన్నారు. చాలా మెల్లగా, ప్రేమగా అన్నారు.

ఆయన కాగితాలు గుండెకు ఆనించుకుని నా వైపు తిరిగారు. మీరు అక్కడే ఉన్నారు కదా, మీరు విన్నారు కదా అని అడిగారు.

విన్నానండి, నా రెండు చెవులా విన్నానండి అన్నాను.

జ్ఞానప్రకాశం గారు నా మొహంలోకి చాలాసేపు చూశారు. ఇరవై ఏళ్ళ స్నేహంలో ఆయన నన్ను అలా చూడటం అదే మొదలు.

"మీది కూడా కోనసీమే కదండీ," అని, చెప్పులు విడిచి లోపలికి వెళ్ళిపోయారు.